తాబేటికి తగిన నెలవు

కుక్కకు ఆకలియైనచో మొరుగును. పిల్లి పాలకై యజమాని కాళ్లకు చుట్టుకొని అరచును. గిన్నెలో నీరు లేనిచో చిలుక పంజరమంతయు రచ్చ చేయును. మానవుడు పెంచుకొను ప్రాణులలో పెక్కింటికి తమ కష్టమును తెలుపుకొను ఉపాయ మేదో యొకటి కలదు. తాబేటికి అట్టిది లేదు. అది అరవదు, అలుగదు, పారిపోవుటకు వేగము చాలదు. తిండి సరిపడకున్నను, చలి తగులుచున్నను, ఎండ కరవైనను, తల లోపలికి ముడుచుకొని ఊరకుండును. అట్లు ఊరకుండుట చూచి అది సుఖముగా నున్నదని మనము తలచెదము. దాని దేహములో జీవవ్యాపారము మిక్కిలి మందము. కావున అది బ్రతుకుటలో ఎంత నిదానమో, కృశించుటలోను అంత నిదానమే. నేడు జరిగిన పొరపాటు ఫలము ఆరు మాసములకో రెండేండ్లకో పైకి కనబడును. అప్పటికి చికిత్సకు అదను తప్పియుండును.

మన దేశమున అడవి తాబేటిని పట్టి ఇంట పెంచుట చట్టము ఒప్పుకొనదు. ఆ సంగతి ముందు వివరింపబడును. ఐనను జంతుప్రదర్శనశాలలలోను, దొంగరవాణా చేయువారి నుండి విడిపించిన జంతువులను కాపాడు కేంద్రములలోను, పెక్కు విదేశములలో గృహస్థుల తోటలలోను తాబేళ్లు మనుష్యుల పోషణలో నున్నవి. వానిని ఎట్లు చూడవలెనో తెలిసికొన్నచో, ఆ జంతువు ఎట్టిదో కూడ తెలియును.

తెలుగులో తాబేలు అను ఒక్క మాటతోనే మనము మూడు తెగల ప్రాణులను పిలుచుచున్నాము. సముద్రములో తిరుగునది ఒకటి. దాని కాళ్లు తెడ్లవలె నుండును. చెరువులలోను నదులలోను ఉండునది మరియొకటి. దాని వ్రేళ్ల నడుమ బాతు పాదమునకు వలె పలుచని తోలు ఉండును. మూడవది మెట్ట తాబేలు. దాని కాళ్లు ఏనుగు కాళ్లవలె స్తంభముల తీరుగ నుండును. ఈ మూడవది నేలపై నడచుటకే పుట్టినది. దానికి ఈత రాదు. ఈ భేదము తెలియక, తాబేలనగానే నీటి తొట్టిలో వేయువారు చాలమంది కలరు. గాజు తొట్టిలో రంగు చేపల నడుమ విడువబడిన మెట్ట తాబేలు కొన్నాళ్లు గోడలు గీకి గీకి, అలసి, తుదకు మునిగి చచ్చును.

ఈ సంగతిని ప్రత్యక్షముగా చూచి వ్రాసిపెట్టిన వారిలో గిల్బర్టు వైట్ అను ఆంగ్లేయుడు ప్రసిద్ధుడు. ఆయన ఇంగ్లండులో సెల్బోర్ను అను చిన్న గ్రామమున మతాచార్యుడుగ నుండెను. ఆయన మేనత్త యొద్ద తిమోతి అను తాబేలు నలువది యేండ్ల పాటు ఒక గోడల పెరటిలో పెరిగెను. అది మధ్యధరా సముద్ర తీరముల జాతిది. మేనత్త మరణించిన పిదప, 1780 మార్చిలో, శీతనిద్రలో నున్న దానిని మట్టిలో నుండి త్రవ్వి తీసి, గుఱ్ఱపు బండిలో ఎనుబది మైళ్లు ప్రయాణము చేయించి వైట్ తన ఇంటికి తెచ్చుకొనెను. ఆ వేసవిలో నొకనాడు దానిని నీటి తొట్టిలో దింపి చూచెను. అది మెల్లగా అడుగునకు దిగి, అచ్చట నడువ మొదలిడి, మిక్కిలి బెదరినట్లు కనబడెనట. వైట్ వెంటనే నేర్చుకొన్నాడు. మనలో చాలమందికి ఆ తొట్టి పరీక్ష ఇంకను ముగియలేదు.

వైట్ చేసిన పనులలో రెండింటిని తాబేళ్లను సాకువారు నేటికిని మెచ్చుకొందురు. మొదటిది, దానిని త్రాసులో వేసి తూచి బరువు వ్రాసికొనుట. నోరులేని జంతువు తన సంగతి చెప్పగల మార్గము ఇదొక్కటే. నెలకొకసారి తూచి పుస్తకములో వ్రాసినచో, కంటికి కనబడని క్షీణత అంకెలలో కనబడును. రెండవది, దాని నడవడిని ఓపికతో గమనించుట. శరత్కాలమున ఎండ పలుచబడినపుడు తిమోతి గోడకు తన డిప్పను ఒరగజేర్చి, ఏటవాలుగ నిలిచి, దొరికిన కాస్త వెచ్చదనమును ఒడిసిపట్టుచుండెనని ఆయన వ్రాసెను. పైన బండి ఎక్కినను చెక్కుచెదరదనిపించు డిప్ప గల ఆ జంతువు, నాలుగు వాన చినుకులు పడగనే మూలకు పరుగిడుట ఆయనకు వింతగా తోచెను. బాకా వంటి గొట్టముతో దాని ప్రక్క నిలిచి గట్టిగా అరచియు చూచెను, తిమోతి లక్ష్యపెట్టలేదు. 1793లో వైట్ మరణించెను. తిమోతి మరుసటి సంవత్సరము వరకు బ్రతికెను. అది మగది కాదు, ఆడదని చనిపోయిన తరువాత గాని తెలియలేదు. దాని డిప్ప నేటికిని లండను నగరములోని ప్రకృతి శాస్త్ర ప్రదర్శనశాలలో భద్రపరుపబడి యున్నది.

గోడకు ఒరిగి తిమోతి చేసిన పనిలోనే తాబేటి పోషణమునందలి ముఖ్యసూత్ర మున్నది. మన దేహము తన వేడిమిని తానే పుట్టించుకొనును. తాబేలు అట్లు చేయజాలదు. దానికి వేడి సూర్యుని నుండియు, కాగిన నేల నుండియు రావలెను. తగినంత వేడి లేనిచో అది తినదు, తిన్నను అరుగదు, కడుపులోని ఆకు పులిసి జబ్బు చేయును. కాబట్టి దాని నెలవులో ఒక ప్రక్క ముప్పది రెండు మొదలు ముప్పది ఐదు డిగ్రీల సెంటీగ్రేడు వరకు వెచ్చని తావును, మరియొక ప్రక్క ఇరువది ఐదు డిగ్రీల చల్లని నీడయు ఉండవలయును. రెండును కావలెను. ఎండ మాత్రమే యుండి నీడ లేకున్నచో, మన వేసవిలో ఒక్క మధ్యాహ్నము చాలును దానిని చంపుటకు. ఎక్కడ ఎంతసేపుండవలెనో తాబేటికే బాగుగ తెలియును. మన పని ఆ రెండు తావులను కల్పించి, దాని నడకకు అడ్డు రాకుండుటయే.

ఎండ వలన వేడి గాక మరియొక లాభము కూడ కలదు. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణములు చర్మమునకు సోకినపుడు డి విటమిను తయారగును. అది లేనిచో ఎంత కాల్షియము తిన్నను దేహమునకు పట్టదు. తాబేటి డిప్ప మనము పైన తొడుగుకొను చొక్కా వంటిది కాదు. అది దాని ప్రక్కటెముకలు, వెన్నెముక కలిసి విప్పారి ఏర్పడిన ఎముకల గూడు; పైన మన గోరు వంటి పదార్థపు పలకలు కప్పియుండును. కాల్షియము పట్టనిచో ఆ గూడే మెత్తబడును. నొక్కిన అట్టవలె లోపలికి పోవును. కాళ్లు వంకరపోవును. ఇట్టి తాబేళ్లు చాలవరకు కిటికీ ప్రక్కన పెంచబడినవే. కిటికీలో నుండి ఎండ వచ్చుచున్నది గదా అని యజమాని తృప్తి పడును. కాని గాజు పలక వెలుతురును రానిచ్చునే గాని, డి విటమినును చేయు కిరణములను దాదాపు పూర్తిగ ఆపివేయును. చలి దేశములలో ఈ లోపమును తీర్చుటకు ప్రత్యేకమైన దీపములు అమ్ముదురు. వానిలోను ఒక మోసము కలదు. కొన్ని మాసములు గడచిన పిదప దీపము ఎప్పటివలెనే వెలుగుచుండును. అతినీలలోహిత కిరణములు మాత్రము తగ్గిపోవును. అందుచేత దీపము ఆరిపోకున్నను గడువు ప్రకారము మార్చుచుండవలయును.

డిప్పకు స్పర్శ తెలియును. ఈ సంగతి తెలియకనో, తెలిసియో, ఇంగ్లండులో పూర్వము తాబేటి డిప్ప అంచునకు తమ్మి వేసి దారము కట్టి తోటలో కట్టివేయుచుండిరి. అది ఎముకకు చేసిన గాయమే. రంగులు పూయుట, నూనె రాచుట కూడ తగదు.

ఇక నివాసము. గదిలో నేల నున్నగ నుండును; తాబేటి కాళ్లు జారి కీళ్లు చెడును. మట్టినేల కావలెను. అది త్రవ్వుటకు మెత్తని మన్ను, ఎక్కుటకు చిన్న దిబ్బ, దాగుటకు పొదలు, గడ్డిదుబ్బులు ఉండవలెను. చుట్టును కట్టు గోడ తాబేటి పొడవునకు రెండింతల ఎత్తుండి, పునాది నేలలోనికి కొంత దిగియుండవలెను. లేనిచో క్రింద త్రవ్వుకొని పోవును. గోడ ఆరపార కనబడునది కాకూడదు. ఇనుప వల కట్టినచో ఆవల ప్రపంచము కనబడుచుండును. తాబేటికి అడ్డు కనబడదు, దారి కనబడును. దినమెల్ల అదే చోట ముక్కుతో పొడుచుకొనుచు, కాళ్లతో గీకుకొనుచు నిలిచిపోవును. పలక గోడయో మట్టి గోడయో ఐనచో, కొంతసేపు తడవి చూచి వెనుదిరుగును. మూలలు గుండ్రముగ కట్టుట మేలు. నలుచదరపు మూలలో ఎగబ్రాకబోయి వెల్లకిల పడి, మరల తిరుగలేక, ఎండలో మాడి చచ్చినవి చాల కలవు. రాత్రివేళ తలుపు గల చిన్న గూటిలో నుంచవలెను. పంది కొక్కులు, కుక్కలు, పిల్ల తాబేళ్లనైనచో కాకులు కూడ హాని చేయును. ఇంటి కుక్క మంచిదే యైనను దానిని నమ్మరాదు. దానికి తాబేలు కదలాడు ఎముక ముక్క.

నెలవు ఎంత విశాలమైన నంత మంచిది. నిదానముగ నడచు జంతువునకు స్థలమెందులకని కొందరందురు. అది నిదానముగ నడచునే గాని తక్కువగ నడవదు.

తిండి విషయమున మనుష్యుల దయయే తాబేటికి ఎక్కువ కీడు చేసినది. అన్నము, రొట్టె, పాలు, బిస్కత్తులు, పప్పు ఇవన్నియు మనకు ఇష్టమైనవి. దానికి విషముతో సమానము. మెట్ట తాబేలు పొడినేలల గడ్డియు, ఆకులును, రాలిన పూలును, కండలు తిరిగిన ముండ్ల మొక్కలును మేసి బ్రతుకును. అందులో పీచు ఎక్కువ, మాంసకృత్తులు తక్కువ, కాల్షియము సమృద్ధి. కావున గరిక, మందార ఆకులు, మందార పూలు, మల్బరీ ఆకులు, ముండ్లు తీసిన నాగజెముడు పెట్టవచ్చును. పండ్లు అరుదుగా నొక ముక్క. పాలకూర ఎప్పుడును పెట్టుచున్నచో అందలి ఆమ్లము కాల్షియమును పట్టనీయక చెరచును. సముద్రపు నురుగు అని పచారీ దుకాణములలో దొరకు తెల్లని ముక్క కాల్షియముతో నిండినది. దానిని ఒక మూల నుంచినచో తాబేలు కావలసినపుడు కొరుకుకొనును. నీటికి లోతు లేని పళ్లెము చాలును. పిల్లలైనచో గోరువెచ్చని నీటిలో, గడ్డము మునుగనంత లోతున, వారమునకు కొన్ని సారులు కొంతసేపు నిలువబెట్టుదురు. అపుడవి కడుపార త్రాగును.

తిండి చేయు మేలునకు సెయింట్ హెలీనా ద్వీపములోని జోనాథన్ అను పెద్ద తాబేలు నిదర్శనము. దానిని 1882లో సేషెల్సు దీవుల నుండి ఆ ద్వీపమునకు తెచ్చిరి. అప్పటికే నిండుగ ఎదిగినది. గవర్నరు భవనపు పచ్చికలో అది మేయుచు వచ్చెను. ముసలితనమున కంటిచూపు పోయెను. వాసన పట్టు శక్తియు పోయెను. పచ్చగడ్డికి బదులు ఎండుటాకులను, మట్టిని కొరుకుచు నీరసించెను. ముక్కు అంచు మెత్తబడి గడ్డి తెంపలేకపోయెను. పశువైద్యుడు గమనించి, వారమునకొకసారి కూరగాయలు, పండ్లు స్వయముగ నోటికందించుట మొదలిడెను. కొంతకాలమునకు ముక్కు మరల పదునెక్కెను, దేహము పుంజుకొనెను. 2022లో ఆ ద్వీపవాసులు దానికి నూట తొంబదియవ జన్మదినము జరిపిరి. తిమోతి వలె అదియు తన్ను చూచుకొన్న పెక్కుమందిని దాటి బ్రతికినది. తాబేటిని తెచ్చుకొనువాడు తన తరువాత దానిని ఎవరు చూతురో కూడ యోచింపవలసి యుండును.

చలికాలము అన్ని జాతులకు ఒక్కటి కాదు. తిమోతి జాతి కార్తికము నాటికి తిండి మాని, మట్టిలో కప్పుకొని, వసంతము వరకు నిద్రించును. ఆ నిద్రకు సుమారు ఐదు డిగ్రీల చల్లదనము కావలెను. పది డిగ్రీలు దాటినచో అరమెలకువలో దేహమందలి కొవ్వు కరగిపోవును. సున్నకు దిగినచో కన్నులు గడ్డకట్టి చూపు పోవును. అందుచేత నేడు ఇంగ్లండులో కొందరు కడుపు ఖాళీయైన తాబేటిని పెట్టెలో నుంచి, ఆ పెట్టెను రిఫ్రిజిరేటరులో పెట్టి, దినదినము తలుపు తీసి గాలి తగిలించుచు, వేడి కొలిచి చూచుచున్నారు. వినుటకు నవ్వు వచ్చును గాని, జంతువునకు అది క్షేమకరమే. ఇంత శ్రద్ధ లేని రోజులలో, మొరాకో మొదలగు దేశముల నుండి లక్షలకొలది తాబేళ్లను ఓడలలో దొంతరలుగ పేర్చి తెచ్చి, సంతలో కొద్ది నాణెములకు అమ్ముచుండిరి. వానిలో పెక్కు మొదటి శీతకాలమే దాటలేదు. 1984లో ఆ దిగుమతి వ్యాపారము నిషేధింపబడెను.

మన తెలుగుదేశపు మెట్ట తాబేలు వేరు. దానికి నక్షత్రపు తాబేలని పేరు. నల్లని డిప్పపై ఒక్కొక్క పలక నడుమనుండి పసుపు గీతలు చుక్కవలె నలుదిక్కులకు వ్యాపించియుండును. ఎండుగడ్డిలో ఎండయు నీడయు కలిసిన చోట ఆ గీతలు దానిని కంటికి కనబడనీయవు. రాయలసీమలోని ముండ్ల పొదలలోను, తమిళ కన్నడ సీమల పొడినేలలలోను, గుజరాతు రాజస్థానములలోను, సింహళములోను ఇది నివసించును. వేసవిలో ఉదయ సాయంకాలములందు మాత్రము మేతకు వచ్చును. తొలకరి వానలు పడగనే చురుకై తిరుగును. దీనికి తిమోతి వంటి శీతనిద్ర లేదు. చలియు చెమ్మయు కలిసినచో ఊపిరితిత్తుల వ్యాధి సోకును. తాబేలు మనవలె దగ్గి కఫమును వెడలింపలేదు గనుక ఆ వ్యాధి సులభముగ ప్రాణాంతకమగును. కలకత్తావంటి నగరములోనో, పొగమంచు గల పరదేశములోనో గదిలో పెట్టబడిన నక్షత్రపు తాబేలు పాలిట చేరునది చాలవరకు ఇదియే.

దాగుటకు ఏర్పడిన చుక్కలే నేడు దానిని పట్టి ఇచ్చుచున్నవి. అందమైనదని విదేశములలో కొనువారు, ఇంట నున్నచో కలిసివచ్చునని నమ్మువారు అధికమైరి. ఇది కొత్తగ పుట్టిన నమ్మకము. మన పెద్దలు దీనికి సరిగా ఎదురుగ, తాబేలు చొచ్చిన ఇల్లును అమీనా చొచ్చిన ఇల్లును ఒక్కటే యనిరి. అమీనా యనగా అప్పు తీర్చనివాని సామాను జప్తు చేయుటకు కోర్టు పంపు ఉద్యోగి. ఆ సామెతలో సత్యమెంతయో గాని, దానివలన తాబేటికి మేలే కలిగెను. నేడు పల్లెలలో పోగుచేసిన పిల్ల తాబేళ్లను కదలకుండ గుడ్డలలో చుట్టి, పెట్టెలలో కుక్కి, విమానములలో సాగించుచున్నారు. చెన్నై విమానాశ్రయములో అధికారులు పలుమార్లు వందలకొలదిగ పట్టుకొనిరి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వీనిని పట్టుట, అమ్ముట, ఇంట నుంచుకొనుట నేరమని విధించినది. 2019లో భారతదేశము మొదలగు దేశములు కోరగా జెనీవాలో జరిగిన అంతర్జాతీయ సభ అడవి నక్షత్రపు తాబేళ్లతో దేశదేశముల నడుమ వర్తకమును నిషేధించెను.

పట్టుబడిన వానిని ఏమి చేయవలెననునది పెద్ద చిక్కు. అడవిలో విడిచిన సరిపోదా యని తోచును. కాని గుజరాతు తాబేటికిని తెలుగు తాబేటికిని వంశభేదము కలదు. ఎక్కడిదో తెలియక విడిచినచో జాతులు కలగలియును. పెట్టెలలో ఒకదాని నుండి ఒకటి అంటించుకొన్న వ్యాధులు అడవిలోని ఆరోగ్యవంతములకు సోకును. అందుచేత వైద్యుడు పరీక్షించి, కొన్నాళ్లు వేరుగ నుంచి, తగిన చోటు నిర్ణయించిన గాని విడువరాదు. శ్రీకాకుళమునకు సమీపమున శ్రీకూర్మములో విష్ణువు కూర్మరూపమున పూజింపబడుచున్నాడు. అచ్చటి ఆలయ ఆవరణలో భక్తులు తెచ్చి యిచ్చిన నక్షత్రపు తాబేళ్లను పెంచుచు వచ్చిరి. భక్తితో ఇచ్చినవైనను వానికి కావలసినవి పైన చెప్పిన ఎండ, నీడ, మట్టి, ఆకులే. ప్రసాదము వానికి ఆహారము కాదు.

మీ ఊరిలో ఎవరి ఇంటనైన నక్షత్రపు తాబేలున్నచో, దానిని చెరువులో వదలుమని చెప్పకుడు. అటవీశాఖ వారికి తెలిపినచో వారు తీసికొనిపోవుదురు. తొలకరి నాటి సాయంకాలమున బాటకు అడ్డముగ నడచు తాబేలు ఎదురైనచో, బండ్లు వచ్చు నెడల పెద్దల తోడు తీసికొని, రెండు చేతులతో డిప్పను ఇరుప్రక్కల పట్టి, తలక్రిందులు చేయక, నేలకు దగ్గరగ ఎత్తి, అది ఏ దిక్కునకు పోవుచుండెనో ఆ దిక్కున బాట దాటించి దింపవలెను. వెనుకకు త్రిప్పినచో మరల బాటకే వచ్చును. ఆ సమయమున అది బెదరి మూత్రము విడువవచ్చును. పొడినేలలలో అది దాచుకొన్న నీరది, కావున ఎత్తుకొని చూచుచు ఆలస్యము చేయరాదు. తాబేటి మలములో మనుష్యులకు విరేచనములు కలిగించు సూక్ష్మజీవులుండును గనుక ఇంటికి వచ్చినంతనే సబ్బుతో చేతులు కడుగుకొనవలెను.